చెకుముకి రాళ్ల చర్చిలు: సఫోక్ తీరం వెంట

మే 12, అఫర్డ్

సఫోక్‌లో కట్టడానికి పనికొచ్చే రాయి లేదు. ఇంగ్లండ్ తూర్పు తీరంలోని ఈ కౌంటీలో తవ్వితే వచ్చేది బంకమట్టి, ఇసుక, సుద్ద. ఆ సుద్దలో మాత్రం చెకుముకి రాళ్లు దొరుకుతాయి. పిడికిలంత ఉంటాయి, పైన తెల్లగా, గరుకుగా. సుత్తితో పగలగొడితే లోపల నల్లగా నిగనిగలాడతాయి. ఇంత చిన్న రాళ్లను సున్నంలో పేర్చి అంతెత్తు గోడలు లేపారు. మూలలకూ కిటికీ చట్రాలకూ కావలసిన చెక్కుడు రాయిని పీటర్‌బరో దగ్గరి బార్నాక్ గనుల నుంచి, సముద్రం అవతలి నార్మండీ నుంచి పడవల మీద తెప్పించుకున్నారు. అలా కట్టిన మధ్యయుగాల చర్చిలు ఈ ఒక్క కౌంటీలోనే ఐదు వందల దాకా ఉన్నాయి.

ఇప్స్‌విచ్‌లో ఆసుపత్రి ఉద్యోగం చేస్తున్న మా మేనకోడలు నా కోసం సెలవు పెట్టింది. "లండన్‌లో పెద్ద కేథడ్రల్ చూపిస్తాను మావయ్యా" అంది మొదట. నాకు పల్లెటూరి చర్చిలే కావాలన్నాను. కేథడ్రళ్ల వెనుక బిషప్పులూ రాజులూ ఉన్నారు. పల్లె చర్చి సంగతి వేరు. బలిపీఠం ఉండే తూర్పు భాగాన్ని చాన్సెల్ అంటారు, దాని బాగోగులు చర్చి రాబడి అనుభవించే రెక్టారువి. జనం నిలబడే పెద్ద భాగం, నేవ్, ఆచారం ప్రకారం ఊరిది. అది కురిసినా కూలినా బాగు చేసుకోవలసింది ఆ ఊరివాళ్లే. సొంత కష్టంతో ఒక ఊరు ఏం నిలబెట్టుకుందో చూడాలని నా కోరిక.

ఫోనులోని పటం మమ్మల్ని పెద్ద రోడ్డు తప్పించి, రెండు వైపులా మనిషెత్తు కంచె పొదలున్న సందులోకి తీసుకెళ్లింది. కారుకు అటూ ఇటూ జానెడు చోటు. ఎదురుగా ట్రాక్టరు వచ్చింది. వెనక్కి వెళ్లాల్సింది మేమేనని మా మేనకోడలు గేరు మార్చేలోపే, ఆ రైతు ట్రాక్టరును వందడుగులు వెనక్కి నడిపి పొలం గేటు దగ్గర తప్పుకున్నాడు. దాటేటప్పుడు చెయ్యెత్తాలి, అది ఇక్కడి మర్యాద. ఆయన స్టీరింగు మీది నుంచి ఒక వేలెత్తి బదులిచ్చాడు.

అఫర్డ్ చర్చిలో చూడవలసినది బాప్తిస్మపు తొట్టి మీది మూత. దేవదారు చెట్టంత నిటారుగా, 18 అడుగుల ఎత్తున, అంతస్తులు అంతస్తులుగా పైకి సన్నబడుతూ పోతుంది. 15వ శతాబ్దపు కొయ్యపని. శిఖరాన తన రొమ్ము చీల్చుకుని పిల్లలకు రక్తం పట్టే పెలికాన్ పక్షి, క్రీస్తు త్యాగానికి గుర్తు. కింది భాగం పై భాగం మీదికి జరిగేలా అమర్చారు. ఇంత బరువైన పనిని ఎత్తి బిడ్డకు నీళ్లు చల్లడానికి వీలుగా ఆ ఏర్పాటు.

ఈ తీరంలో ఏ చర్చికి వెళ్లినా విలియం డౌసింగ్ పేరు వినబడుతుంది. ఈ కౌంటీలోని లాక్స్‌ఫీల్డ్ మనిషి, నిష్ఠ గల ప్యూరిటన్, అంటే చర్చిల్లో విగ్రహాలూ ఆడంబరాలూ కూడదనే ప్రొటెస్టెంటు. రాజుకూ పార్లమెంటుకూ యుద్ధం నడుస్తున్న 1643 డిసెంబరులో పార్లమెంటు పక్షాన ఉన్న మాంచెస్టర్ ప్రభువు ఆయనకు అధికారపత్రం ఇచ్చాడు. చర్చిల్లోని విగ్రహాలు, రంగుల అద్దాలు, శిలువలు, మృతుల ఆత్మల కోసం ప్రార్థించమనే శాసనాలు తొలగించాలి. కేంబ్రిడ్జ్‌షైర్, సఫోక్‌లలో 250 చర్చిల వరకు తిరిగాడు. ఎక్కడ ఏం పగలగొట్టిందీ రాసి పెట్టుకున్నాడు. అఫర్డ్ మూతను చూసి పోపు మూడంచెల కిరీటంలా ఉందని, పైన పెలికాన్ ఉందని, అంతా బంగారు పూతేనని వర్ణించాడు. 1644 జనవరిలో ఇచ్చిన ఆజ్ఞలను ఊరు పాటించలేదు. ఆగస్టులో మళ్లీ వస్తే చర్చి పెద్దలు తాళం తీయకుండా రెండు గంటలకు పైగా బయటే నిలబెట్టారు. మూత ఈనాటికీ ఉంది.

మే 13, బ్లైత్‌బరా

పెద్ద రోడ్డు మీద ఉత్తరానికి వెళ్తుంటే పందుల పొలాలు మొదలవుతాయి. ఒక్కో తల్లికీ ఒక రేకు గూడు, చుట్టూ పిల్లలు, ఎకరాల కొద్దీ మట్టి. ఆ పొలాలు దాటగానే, బ్లైత్ నది పోటుపాటుల చిత్తడి నేల మీద, చిన్న ఊరి నెత్తిన, పడవలా పొడవాటి చర్చి కనబడింది. ఇక్కడివాళ్లు దీన్ని చిత్తడి నేలల కేథడ్రల్ అంటారు. 1412లో తిరిగి కట్టుకోవడానికి రాజు అనుమతి దొరికింది. అప్పుడు బ్లైత్‌బరా రేవు. ఓడలూ సంతా ఉండేవి. నది పూడిపోయి ఓడలు రావడం మానేశాక, ఇంత పెద్ద కట్టడం కొద్దిమంది నెత్తిన మిగిలింది.

తూర్పు గోడ బయట అడుగున తెల్ల రాయి చెక్కి, ఆ చెక్కులో నల్ల చెకుముకి పలకలు గోడతో సమంగా పొదిగి, కిరీటాలు పెట్టిన అక్షరాలు వరుసగా తీర్చారు. ప్రతి అక్షరం ఒక లాటిన్ మాటకు మొదలని పండితులంటారు. నేను ఆ పనితనాన్నే చూస్తూ ఉండిపోయాను. చెకుముకిని పలకలుగా కొట్టడం ఒక్కో రాయికీ ఓర్పు తినే పని. ఒక దెబ్బ తప్పిందంటే పలక ముక్కలవుతుంది.

తలుపుకు ముందు వల బిగించిన మరో తలుపు. పక్షులు లోపలికి వచ్చి చిక్కుకుపోతాయి, దయచేసి మూయండి అని కాగితం అంటించారు. మూశాం. లోపల నన్ను ముందు పట్టుకున్నది వెలుతురు. పైవరుసలో ఒక్కో వైపు పద్దెనిమిది కిటికీలు, రంగు అద్దాలు దాదాపు ఏమీ మిగల్లేదు, అందుకని సముద్రపు వెలుగు నేరుగా ఇటుక నేల మీద పడుతుంది. తల ఎత్తితే కప్పు పొడవునా నడి దూలాల మీద కొయ్య దేవదూతలు, వీపు వీపు ఆనించి, ఒకరు తూర్పుకు ఒకరు పడమరకు, రెక్కలు చాచి. దూలాల మీద తెల్లపూత, ఎరుపు, ఆకుపచ్చ పువ్వులు. ఎవరూ మళ్లీ వేయని, 15వ శతాబ్దం నాటి రంగే అది.

బలిపీఠం దగ్గర పువ్వులు సర్దుతున్న పెద్దావిడ మమ్మల్ని చూసి చేతులు తుడుచుకుని వచ్చింది. ఎక్కడి నుంచి వచ్చామని అడగలేదు. ముందుగా "మెడ నొప్పి పెడుతుంది, ఇది తీసుకోండి" అని బైనాక్యులర్స్ ఇచ్చింది. దానితో చూస్తే రెక్కల మీద చిన్న చిన్న రంధ్రాలు. డౌసింగ్ సిపాయిలు తుపాకులు పేల్చారని చాలాకాలం చెప్పుకున్నారు. కప్పు బాగు చేసినప్పుడు దొరికిన సీసపు గుళ్లు 18వ శతాబ్దపువి. గూళ్లు పెట్టే జాక్‌డాలను, అంటే చిన్న కాకులను, కాల్చినందుకు డబ్బు ఇచ్చినట్టు చర్చి పద్దుల్లోనూ ఉంది. డౌసింగ్ 1644 ఏప్రిల్ 9న వచ్చిన మాట నిజం. ఇరవై దేవదూతలను దించాలనీ, రెండు వందలకు పైగా బొమ్మలను ఎనిమిది రోజుల్లో తీసేయాలనీ ఆజ్ఞ వేసి వెళ్లాడు. దేవదూతలు ఇంకా పైనే ఉన్నారు.

బల్లల చివర చెక్కిన మనుషుల్ని వదిలి కదలలేకపోయాను. ఏడు మహాపాపాల్లో కొన్ని ఇక్కడ కూర్చుని ఉన్నాయి. సోమరి మంచం మీదే, లోభి తన డబ్బుపెట్టె మీద, తిండిపోతు పొట్ట పట్టుకుని. చాడీలు చెప్పేవాడికి నాలుక బయట. పక్కనే వ్యవసాయపు పనులు చేస్తున్న మనుషులు. వెయ్యిసార్లు చేతులు రాసుకుని కొయ్య నున్నబడింది. కొయ్య ఆసనాల మీద స్టాక్‌హోమ్ నుంచి వచ్చిన ఒక కుర్రాడు 1665లో తన పేరు చెక్కుకున్నాడు. అప్పుడు ఇక్కడ బడి నడిచేది.

1577 ఆగస్టు 4, ఆదివారం, ప్రార్థన జరుగుతుండగా పిడుగు పడింది. గోపురం మీది శిఖరం కప్పును చీల్చుకుని లోపలికి కూలింది, ఒక మనిషీ ఒక అబ్బాయీ చనిపోయారు. ఆ ఏడాదే లండన్‌లో అచ్చయిన చిన్న పుస్తకం దీన్ని నల్లకుక్క రూపంలో వచ్చిన సైతాను పనిగా ప్రచారం చేసింది. ఉత్తరపు తలుపు మీది నల్ల మచ్చలను దాని గోళ్ల గుర్తులని చూపిస్తారు. నాకవి కొవ్వొత్తి మంటతో కాల్చిన మచ్చల్లా కనిపించాయి. ఇంగ్లండ్‌లో పాత ఇళ్లలోనూ ఇలాంటివే ఉన్నాయి, కీడు రాకుండా కావాలనే కాల్చేవారని చెబుతారు.

19వ శతాబ్దానికి కప్పు కురిసి, జనం గొడుగుల కింద ప్రార్థన చేసే స్థితి వచ్చింది. 1881లో ప్రమాదమని మూసేశారు. కవీ అలంకరణ కళాకారుడూ అయిన విలియం మోరిస్ 1877లో స్థాపించిన పురాతన కట్టడాల రక్షణ సంఘం, పాత పనిని తీసి కొత్తది పెట్టవద్దు, ఉన్నదాన్నే బాగు చేయమని పట్టుబట్టింది. ఆ వాదన ఏళ్ల తరబడి సాగింది. డబ్బు కూడా లేదు. విక్టోరియా కాలపు సంపన్నులు "కొత్తగా" మార్చిన చర్చిలు నేను కొన్ని చూశాను. బ్లైత్‌బరాను ఆ మార్పు నుంచి కాపాడింది లేమి అని నాకు గట్టిగా అనిపించింది.

మా మేనకోడలు పొద్దున్నే కలిపి తెచ్చిన పులిహోర స్మశానం పక్కనున్న బల్ల మీద తిన్నాం. పువ్వుల పెద్దావిడకు డబ్బాలో పెట్టి ఇచ్చాం. చింతపండు రుచి చూసి, ఏ పండని అడిగి, కాగితం మీద పేరు రాయించుకుంది.

మే 14, వెన్‌హాస్టన్

దారిలో ఇంటి గోడ పక్కన బల్ల, దాని మీద గుడ్లు, ఆస్పరాగస్ కట్టలు. అమ్మేవారు లేరు. ధర రాసిన అట్టముక్క, డబ్బులు వేయడానికి రేకు డబ్బా. మూడు పౌండ్లు వేసి కట్ట తీసుకున్నాం. మేలోనే బాగా దొరుకుతుందట.

వెన్‌హాస్టన్ చర్చిలో ఉన్నది ఒక్కటే, కానీ అది చాలు. ఒకప్పుడు నేవ్‌కూ చాన్సెల్‌కూ మధ్య వంపు నిండా కొయ్యపలకల మీద తీర్పు దినం చిత్రించేవారు. చదువు రాని జనం రోజూ ఎదురుగా చూసే బొమ్మ. 16వ శతాబ్దంలో ఇంగ్లండ్ చర్చి పోపు నుంచి విడిపోయిన మత సంస్కరణల కాలంలో దాని మీద సున్నం కొట్టి, రాజ్యాధికారానికి లోబడి ఉండమనే బైబిలు వాక్యం రాశారు. 1892లో మరమ్మతు చేస్తూ, పనికిరాని పలకలని ఊడదీసి బయట స్మశానంలో పడేశారు. ఆ రాత్రి వాన పడింది. సున్నం కరిగి, తెల్లవారేసరికి పలకల మీద ముఖాలు.

ఇంద్రధనుస్సు మీద కూర్చున్న క్రీస్తు. ఒంటి మీద బట్ట లేకుండా, తలల మీద మాత్రం కిరీటమూ బిషప్పు టోపీ పెట్టుకున్న ఆత్మలను ఆహ్వానిస్తున్న పేతురు. త్రాసు పట్టుకుని ఆత్మలను తూచుతున్న దేవదూత మిఖాయేలు, పక్కన వాదిస్తున్న సైతాను. కుడి అంచున చేప నోరంత నరకద్వారం. మధ్యలో శిలువ ఆకారం, రెండు వైపులా మనిషి ఆకారాలు, ఖాళీగా ఉన్నాయి. అక్కడ కొయ్య విగ్రహాలు బిగించి, వాటి చుట్టూ రంగు వేశారు. విగ్రహాలు పీకేశాక ఖాళీ మిగిలింది. చిత్రకారుడు రాజధాని కళాకారుడు కాడు. ముఖాలన్నీ ఒకే తీరు, చేతులు పొట్టి. అయినా మిఖాయేలు తూనికను చూస్తున్న ఆ ఆత్మల భయం కల్తీ లేనిది.

మే 15, వాల్బర్స్‌విక్

సౌత్‌వోల్డ్ పట్టణంలో పెద్ద చర్చి చూసి, రేవు వెంట నల్లటి తారు పూసిన చెక్క కొట్ల దగ్గర పొగబెట్టిన చేప కొన్నాం. వెన్న రాసిన రొట్టెలో పెట్టి ఇచ్చారు. పొగవాసన చేతిని సాయంత్రం దాకా వదల్లేదు. వాల్బర్స్‌విక్‌కు నది దాటించేది తెడ్లతో వేసే చిన్న పడవ. ఒకే కుటుంబం తరతరాలుగా నడుపుతోంది. మేం మనిషికి రెండు పౌండ్లు ఇచ్చాం. అవతలి ఒడ్డున పిల్లలు దారానికి పందిమాంసం ముక్క కట్టి పీతలు పట్టి బకెట్లో వేస్తున్నారు. సాయంత్రం లెక్కపెట్టి అన్నింటినీ నీళ్లలోకి వదిలేస్తారు.

ఈ ఊరి చర్చి గోపురం కట్టడానికి 1426లో రాసుకున్న ఒప్పందం నిలిచి ఉంది. డనిచ్‌కు చెందిన రిచర్డ్ రస్సెల్, బ్లైత్‌బరాకు చెందిన ఆడమ్ పౌల్, ఇద్దరు తాపీ మేస్త్రీలు. గోపురం టన్‌స్టల్ చర్చిలా ఉండాలి, పడమటి ద్వారం, కిటికీలు హేల్స్‌వర్త్‌లో ఉన్నట్టుండాలి. గజం ఎత్తుకు 40 షిల్లింగులు. పైగా ఏడాదికి ఒక పీపా హెర్రింగ్ చేపలు, ఒక్కసారి కొత్త దుస్తులు. ఇది చదివినప్పటి నుంచి ఆ గోపురాన్ని చూడాలని ఉండేది. నమూనాలు పక్క ఊళ్లలోవి, కూలిలో కొంత భాగం చేపలు. ఊరి పెద్దలు నడిచివెళ్లి, తమకు నచ్చిన ద్వారం చూసుకుని, ఇలాంటిది మాకూ కావాలని వచ్చారు.

రేవు దెబ్బతిని, చేపల వేట తగ్గి, 1695లో ఊరివాళ్లు అర్జీ పెట్టుకున్నారు. ఇంత పెద్ద చర్చిని పోషించలేం, చాలా భాగం కూల్చుకోనివ్వండి అని. గోపురమూ దక్షిణపు పక్క నడవా ఉంచుకున్నారు. ఈ రోజు ఆ నడవాయే చర్చి. దాని చుట్టూ కప్పు లేని పాత గోడలు, కిటికీ వంపుల్లో ఆకాశం. గోపురం నున్నగా, నిటారుగా ఉంది. రస్సెల్, పౌల్ పని బాగా చేశారు.

మే 17, డనిచ్

నడుమ ఒక రోజంతా వాన. డనిచ్‌లో చూడడానికి మిగిలింది తక్కువ. 13వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లోని పెద్ద రేవుల్లో ఇదొకటి. 1286లో, 1328లో వచ్చిన తుపానులు రేవును పూడ్చి వీధులను ఊడ్చుకుపోయాయి. ఆ తర్వాత సముద్రం ఒక్కో చర్చిని తీసుకుంది. ఆఖరిది ఆల్ సెయింట్స్, 1904 నుంచి కొంచెం కొంచెంగా కొండ అంచు నుంచి జారి, 1919లో గోపురమూ పోయింది. దాని ఊతగోడ ఒకటి తీసుకొచ్చి ఇప్పటి చర్చి ఆవరణలో నిలబెట్టారు. ఊరు పోయినా 1832 వరకు ఇద్దరు సభ్యులను పార్లమెంటుకు పంపుతూనే ఉంది.

నాకు మోటుపల్లి గుర్తొచ్చింది. 1244లో గణపతిదేవుడు దూరదేశాల వర్తకులకు అభయశాసనం వేయించిన రేవు, ఇప్పుడు బాపట్ల జిల్లాలో చిన్న పల్లె. దాదాపు అదే కాలంలో ఇక్కడా ఓడలు నిండుగా ఉండేవి.

తీరం దగ్గరి హోటల్లో చేప, బంగాళాదుంప వేపుడు, ఒక పళ్లెం పద్నాలుగు పౌండ్లు. ఇద్దరికి సరిపోయింది. వెనిగర్ చల్లుకుని తింటారు. పక్క బల్ల మీది ముసలాయన తన సీసా మా వైపు జరిపి, ఇంకా పోయమన్నాడు.

మే 18, కోవ్‌హైత్

కోవ్‌హైత్ రోడ్డు సముద్రంలోకి తెగిపోతుంది. అడ్డుగా కంచె. తారు అంచు గాల్లో వేలాడుతోంది. ఇక్కడ కొండ ఏటా కొన్ని మీటర్లు కోసుకుపోతుంది.

తెగిన రోడ్డుకు ముందు చర్చి శిథిలం. కప్పు లేదు, కిటికీలు తెరుచుకుని ఉన్నాయి, గోడలు మాత్రం పూర్తి ఎత్తున. వాటి నడుమ, గోపురానికి ఆనించి, రెల్లు కప్పు వేసిన చిన్న చర్చి. 1672లో, పెద్దదాన్ని నిలుపుకోలేక, దాని రాళ్లతోనే దాని కడుపులో కట్టుకున్నారు. డౌసింగ్ ఇక్కడికి 1644 ఏప్రిల్ 6న వచ్చాడు. రెండు వందల బొమ్మలు పగలగొట్టాడు. కప్పు మీద ఏసు పేరు పెద్ద అక్షరాల్లో, రొమ్ము మీద శిలువలున్న దేవదూతలు. అవి అందలేదు. నిచ్చెనలు ఎత్తడానికి ఊరివాళ్లు సాయం చేయలేదని రాసుకున్నాడు. పద్నాలుగు రోజుల్లో తీయమని ఊరి కానిస్టేబుల్‌కు ఆజ్ఞాపత్రం ఇచ్చి వెళ్లాడు.

ఈ యాత్రలో నేను వెతుకుతున్నది ఆ ఒక్క వాక్యంలో దొరికింది. అధికారపత్రం చేత పట్టుకుని వచ్చినవాడి ఎదుట కొందరు పల్లెటూరి మనుషులు సాయం చేయకుండా నిలబడ్డారు. వాళ్ల పేర్లెవరూ రాయలేదు. ఆ కప్పు తర్వాత పోయింది, వాళ్ల పిల్లల కాలంలో, పోషించలేక. అయినా ఆ రోజు అది వాళ్లది.

మే 19, లాక్స్‌ఫీల్డ్

ఇంటికి తిరిగి వెళ్లే దారిలో డౌసింగ్ ఊరికి వెళ్లాం. 1596లో ఆయనకు బాప్తిస్మం ఇచ్చింది ఇక్కడే. ఆల్ సెయింట్స్ చర్చిలో స్తంభాలే లేవు. విశాలమైన ఒకే గది మీద అంత కప్పూ నిలబడింది. పడమర వైపున బాప్తిస్మపు తొట్టి, ఎనిమిది ముఖాలు, 15వ శతాబ్దానిది. ఏడు ముఖాల మీద కాథలిక్ చర్చి ఏడు సంస్కారాలు, ఇంగ్లండ్‌లో నలభై దాకా మాత్రమే ఉన్న రకం. బిడ్డ బాప్తిస్మం, పెళ్లి, పాపాలు చెప్పుకోవడం, చావుబతుకుల్లో ఉన్నవాడికి తైలం రాయడం. మనుషుల ముఖాలు దెబ్బతిన్నాయి, కానీ ఏ పలక ఏదో చేతుల తీరును బట్టి తెలిసిపోతుంది.

మా మేనకోడలు నేల మీద చతికిలపడి పెళ్లి పలక చూస్తుంటే, తలుపు మూయడానికి చర్చి పెద్ద వచ్చాడు. సాయంత్రం ఐదయింది. ఇంకా మూడు పలకలు మిగిలాయని చెప్పాను. ఆయన గోడ దగ్గరికి వెళ్లి దీపాలు వేశాడు. తాళంచెవి జేబులో పెట్టుకుని వచ్చి, మా పక్కనే మోకాళ్ల మీద కూర్చుని, మూడో పలక నుంచి చెప్పడం మొదలుపెట్టాడు.